తెలుగు పేరున్న ఫైలుకి మెయిల్లో చోటు లేదా?

పైథాన్‌లోనో, పీహెచ్‌పీలోనో, పెర్ల్‌లోనో ఓ చిన్న స్క్రిప్టు రాసి, దానికో ఫైలు తగిలించి మెయిలు పంపడం మనలో చాలామందికి ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనే అలవాటైన పని. రాత్రి రిపోర్టు తయారవుతుంది, తెల్లారేసరికి మేనేజరుగారి ఇన్‌బాక్సులో ఉంటుంది. మహా అయితే ఇరవై లైన్ల కోడు. అదీ మనం రాసింది కాదు. ఎవరో ఎప్పుడో రాసింది, చేతులు మారి మారి మన దాకా వచ్చింది. పనిచేస్తోంది కదా, ముట్టుకోవడం ఎందుకని ఊరుకుంటాం.

ఆ ఫైలు పేరు తెలుగులో పెట్టి ఎప్పుడైనా పంపి చూశారా?

చూసినవాళ్ళకి ఏమవుతుందో తెలిసే ఉంటుంది. అవతలివాళ్ళకి ఫైలు "నోనేమ్" అనే పేరుతో చేరుతుంది. లేకపోతే వరసాగ్గా ప్రశ్నార్థకాలు. లేకపోతే శాతం గుర్తులూ అంకెలూ కలగలిపిన ఓ మూరెడు చెత్త. వెంటనే పక్క సీటాయన సలహా: "ఎందుకొచ్చిన గొడవ బాబూ, ఇంగ్లీషులో పెట్టెయ్." పెట్టేస్తాం. సమస్య తీరిపోతుంది. ఇంటికెళ్ళిపోతాం.

నా గొడవంతా ఆ "పెట్టెయ్"తోనే. తప్పు తెలుగుదీ కాదు, మెయిలుదీ కాదు. మనం కాపీ కొట్టిన ఇరవై లైన్లలో ఒకే ఒక్క లైనుది. ఆ లైను మార్చడం చేతకాక పేరు మార్చుకుంటున్నాం. పైగా "కంప్యూటర్లో తెలుగు సరిగ్గా పనిచేయదండీ" అని పదిమందికి చెప్తున్నాం. చెప్పేది సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కాబట్టి వినేవాళ్ళు నమ్ముతారు కూడా.

కాస్త పాత కథ చెప్పుకోవాలి. మెయిలు ప్రయాణానికి పునాది వేసిన ఆర్‌ఎఫ్‌సీ 821, మెయిలు రూపం ఎలా ఉండాలో చెప్పిన ఆర్‌ఎఫ్‌సీ 822, రెండూ 1982 ఆగస్టులో వచ్చాయి. అందులో ఉన్నది ఏడు బిట్ల ఆస్కీ మాత్రమే. అంటే ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని గుర్తులు. ఫైలు తగిలించడమనే ఊహే అందులో లేదు. పంపాలనుకున్నవాళ్ళు 1980లో మేరీ ఆన్ హోర్టన్ రాసిన యూయూఎన్‌కోడ్‌తో ఫైలుని అక్షరాలుగా మార్చి, ఉత్తరం మధ్యలో అతికించి పంపేవారు. అందుకున్నవాళ్ళు దాన్ని కత్తిరించి మళ్ళీ ఫైలు చేసుకునేవారు.

తర్వాత నథానియల్ బొరెన్‌స్టైన్, నెడ్ ఫ్రీడ్ కలిసి మైమ్ అనే ప్రమాణం తయారు చేశారు. 1992 మార్చి 11న బొరెన్‌స్టైన్ పంపిన మైమ్ మెయిల్లో ఆయన పాటల బృందం ఫోటో, వాళ్ళు పాడిన పాట ఉన్నాయి. ఆ జూన్‌లో ఆర్‌ఎఫ్‌సీ 1341గా ప్రమాణం బయటికొచ్చింది. మూడు బైట్లని నాలుగు ఆస్కీ అక్షరాలుగా మార్చే బేస్64 పద్ధతి ఇందులోదే. దీనివల్ల ఫైలు లోపల ఏమున్నా, తెలుగున్నా, ఫోటో ఉన్నా, చెక్కు చెదరకుండా చేరుతుంది. సైజు మాత్రం మూడో వంతుకి పైగా పెరుగుతుంది.

మరి ఫైలు పేరు? అది ఫైలు లోపల ఉండదు, పైనుండే హెడర్లో ఉంటుంది. కంటెంట్-డిస్పొజిషన్ అని ఓ హెడరు. "ఇది ఎటాచ్‌మెంటు, దీని పేరు ఫలానా" అని చెప్పేది అదే. హెడర్లు అప్పటికింకా ఆస్కీలోనే ఉండిపోయాయి. ఈ పేరు సంగతి తేల్చింది 1997 నవంబర్లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2231. ఆస్కీ కాని పేరు పెట్టాలంటే "ఫైల్‌నేమ్" అన్న మాట పక్కన ఓ నక్షత్రం గుర్తు పెట్టాలి. తర్వాత ఏ ఎన్‌కోడింగో చెప్పాలి. తర్వాత రెండు సింగిల్ కోట్లు. ఆ తర్వాత పేరులోని బైట్లని ఒక్కొక్కటిగా శాతం గుర్తు తగిలించి రాయాలి.

ఆ రెండు కోట్లూ ఎందుకో తెలుసా? వాటి మధ్యన పేరు ఏ భాషలో ఉందో రాసుకోవచ్చు. రాయకపోయినా ఫర్వాలేదు గానీ, రాసుకునే వీలుంది. అంటే "ఇది తెలుగు" అని చెప్పుకోవడానికి ప్రమాణంలోనే చోటుంది! అదీ 1997లో. విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు మనింటికి రావడానికి నాలుగేళ్ళ ముందు. తెలుగు చూపించే కంప్యూటర్లు పెద్దగా లేని రోజుల్లోనే తెలుగు పేరుకి దారి వేసి ఉంచారు. మనమే ఆ దారిన నడవలేదు.

ఇహ ఆ ఒక్క లైను సంగతి. పైథాన్‌లో ఎటాచ్‌మెంటు పంపే పాత కోడు ఎక్కడ చూసినా ఒకేలా ఉంటుంది. మైమ్‌బేస్ అనే వస్తువు తయారు చేసి, ఫైలు అందులో పోసి, బేస్64 చేసి, చివర్లో యాడ్-హెడర్ అనే ఫంక్షన్ని పిలుస్తారు. ఆ పిలవడం రెండు రకాలు.

మొదటి రకం: "ఎటాచ్‌మెంట్, సెమీకోలన్, ఫైల్‌నేమ్ ఈజీక్వల్‌టు ఇదీ" అని మొత్తం ఒకే స్ట్రింగుగా మనమే అతికించి ఇచ్చేయడం. రెండో రకం: "ఎటాచ్‌మెంట్" అన్న మాట ఒక్కటే స్ట్రింగుగా ఇచ్చి, ఫైలు పేరుని ఫైల్‌నేమ్ అనే విడి ఆర్గ్యుమెంటుగా ఇవ్వడం.

ఇంగ్లీషు పేరుకి రెండూ ఒకటే. పాస్. తెలుగు పేరొచ్చేసరికి కథ మారుతుంది. రెండో రకంలో లైబ్రరీకి ఇది ఫైలు పేరని తెలుసు. ఆస్కీ కాదని చూసి, నక్షత్రం పెట్టి, ఆర్‌ఎఫ్‌సీ 2231 ప్రకారం తనే రాసేస్తుంది. మొదటి రకంలో లైబ్రరీకి కనబడేది ఓ పొడుగాటి స్ట్రింగు, అందులో ఎక్కడో తెలుగు. ఏం చేయాలో తెలియక పైథాన్ 3 ఆ మొత్తం లైనుని, "ఎటాచ్‌మెంట్" అన్న మాటతో సహా, మూట కట్టి ఎన్‌కోడ్ చేసేస్తుంది. అందుకున్న మెయిల్ ప్రోగ్రాముకి ఆ మూటలో ఏముందో అర్థం కాదు. ఎటాచ్‌మెంటు అన్న సంగతీ తెలియదు, పేరూ తెలియదు. అప్పుడు పెట్టే పేరే "నోనేమ్".

అంతే. అతికించడానికీ, విడిగా ఇవ్వడానికీ మధ్య ఉన్న తేడా! దీనికి మనం వేసిన శిక్ష: తెలుగు వద్దు.

ఇంకా తేలిక కావాలంటే పాత మైమ్‌బేస్ గొడవే మానేయొచ్చు. పైథాన్ 3.6 నుంచి, అంటే 2016 నుంచి, ఈమెయిల్‌మెసేజ్ అనే కొత్త క్లాసు పూర్తి స్థాయిలో ఉంది. దాని యాడ్-ఎటాచ్‌మెంట్‌కి బైట్లు, ఫైలు రకం, పేరు ఇస్తే మిగతాది అదే చూసుకుంటుంది. కానీ వెతికితే ముందుగా దొరికేది ఇప్పటికీ పాత కోడే. పెర్ల్‌లోనూ ఇదే వరస. మైమ్-లైట్ మాడ్యూలుని నిర్వహిస్తున్నవాళ్ళే "ఇది వాడకండి" అని దాని డాక్యుమెంట్లో రాసి పెట్టారు. అయినా వాడుతూనే ఉన్నాం. పీహెచ్‌పీలో మెయిల్ అనే ఫంక్షన్‌కి ఎటాచ్‌మెంటు అంటే ఏంటో తెలియనే తెలియదు. అక్కడ హెడర్లూ గీతలూ చేత్తో అతికించినవాళ్ళదీ ఇదే అవస్థ. 2001 నుంచీ ఉన్న పీహెచ్‌పీమెయిలర్ లాంటి లైబ్రరీ వాడుకున్నవాళ్ళకి ఆ బాధ లేదు.

"మరి వేరే దేశాలవాళ్ళు దీన్ని ఎప్పుడో పట్టుకుని ఉండాలిగా?" అని అడగొచ్చు. పట్టుకున్నారు, కొంతవరకు. వాళ్ళు పరీక్షించేది రెజ్యూమే అన్న ఫ్రెంచి మాటతో. అందులో ఆస్కీ కాని అక్షరాలు రెండే. శాతం గుర్తులతో రాసినా మొత్తం 16 అక్షరాలు. మన లెక్క వేరు. తెలుగు యూనికోడ్ అక్షరం ఏదైనా యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ఒక్కో బైటుకి మూడు అక్షరాలు, వెరసి తొమ్మిది. గుణింతం గుర్తు, సున్నా, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "జీతం" అని పెడితే జ, దీర్ఘం గుర్తు, త, సున్నా కలిపి నాలుగు. అంటే 36 అక్షరాలు. "ఆంధ్రప్రదేశ్" అంటే పన్నెండు, అంటే 108. మెయిల్లో లైను 78 అక్షరాలు దాటకపోతే మంచిదని నియమం. అంటే మన రాష్ట్రం పేరు కూడా ఒక లైన్లో పట్టదు!

పట్టకపోతే పేరుని ముక్కలు చేసి సున్నా, ఒకటి, రెండు అని నంబర్లు వేసి పంపే ఏర్పాటు కూడా అదే ఆర్‌ఎఫ్‌సీ 2231లో ఉంది. ఈ ముక్కలు చేసే చోటా, ముక్కలు అతికే చోటా ఏదైనా తేడా ఉంటే రెజ్యూమేతో పరీక్షించినవాడికి జన్మలో కనబడదు. మనకి మొదటి రోజే కనబడుతుంది. అందుకే అంటున్నాను, ఈ తప్పులు పట్టడానికి మనకన్నా తగినవాళ్ళు లేరు. మనం పట్టకుండా పేరు మార్చుకుని పారిపోతే అది ఎవరికీ దొరకదు, అలాగే ఉండిపోతుంది.

మెయిలు సబ్జెక్టు లైనుకి ఇంకో పద్ధతి ఉంది, ఆర్‌ఎఫ్‌సీ 2047. ఈక్వల్‌టు, ప్రశ్నార్థకంతో మొదలయ్యే మూటలు చూసే ఉంటారు. అవి దీనివే. ఒక్కో మూట 75 అక్షరాలు మించకూడదు. ఆ లెక్కన యూటీఎఫ్-8, బేస్64తో కడితే ఒక మూటలో పట్టేది 15 తెలుగు యూనికోడ్ అక్షరాలు. ఒక అక్షరం తాలూకు మూడు బైట్లు రెండు మూటల మధ్య చీలకూడదని నియమం స్పష్టంగా ఉంది. దాన్ని లెక్కచేయకుండా బైట్లు కోసేసే కోడు వల్లే సబ్జెక్టు మధ్యలో నల్ల వజ్రం, అందులో ప్రశ్నార్థకం ప్రత్యక్షమవుతాయి. ఈ మూటల పద్ధతిని ఫైలు పేరుకి వాడకూడదని కూడా ఆ ప్రమాణంలోనే రాసుంది. అయినా వాడేస్తున్న ప్రోగ్రాములు బోలెడు. అందుకునే ప్రోగ్రాముల్లో చాలావరకు పోనీలే అని అర్థం చేసుకుంటాయి. అది వాటి మంచితనం. మనం దాన్ని నమ్ముకుని కోడు రాయకూడదు.

ఇదంతా చాదస్తంగా అనిపిస్తోందా? అయితే దీనివల్ల ఇబ్బంది పడింది ఎవరో చెప్తాను. నాకు తెలిసిన కుర్రాడొకడు ఓ చిన్న పరపతి సంఘానికి ఖాళీ సమయంలో కంప్యూటరు పనులు చేసి పెడుతుంటాడు. ఏడాది చివర సభ్యులందరికీ వాళ్ళ వాళ్ళ లెక్కల కాగితం పీడీఎఫ్‌గా మెయిల్లో పంపే స్క్రిప్టు రాశాడు. లోపలంతా చక్కటి తెలుగు. ఫైలు పేరు సభ్యుడి పేరే, తెలుగులో. పంపాడు. అందరికీ "నోనేమ్" వెళ్ళింది. చివర పీడీఎఫ్ అన్న తోక కూడా లేదు, అందుకని ఫోన్లో నొక్కితే తెరుచుకోదు. "ముక్కూ మొహం తెలియని ఫైలు తెరవకండి" అని మనమే కదా అందరికీ చెప్పింది? పెద్దవాళ్ళు వైరస్ అనుకుని తుడిచేశారు. కొందరు సంఘం ఆఫీసుకి వచ్చి గొడవపడ్డారు.

పాపం, ఆ కుర్రాడు పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చాడు. ఇప్పుడు ఇంకో తలనొప్పి. లక్ష్మి అనే పేరుని తెలుగులో ఒక్కలాగే రాస్తాం. ఇంగ్లీషులో కేఎస్‌హెచ్ పెట్టేవాళ్ళున్నారు, ఎక్స్ పెట్టేవాళ్ళున్నారు. చివర ఐ ఒకరిది, వై ఒకరిది. రెడ్డిదీ ఇదే గోల. ఆధార్ కార్డులో ఒకటి, పాసు పుస్తకంలో ఒకటి, స్క్రిప్టు రాసిన స్పెల్లింగు ఇంకొకటి. "ఇది నా పేరు కాదు బాబూ" అని ఫోన్లు. నేను ఆ కోడు చూస్తే పైన చెప్పిన మొదటి రకం లైనే. విడి ఆర్గ్యుమెంటుగా మార్చాం. ఫైలు రకాన్ని కూడా పీడీఎఫ్ అని సరిగ్గా చెప్పాం, పేరు ఎక్కడైనా పోయినా ఫోనుకి దేనితో తెరవాలో తెలిసేలా. ఆ తర్వాత ఫిర్యాదు రాలేదు.

ఆ కుర్రాడు తెలివైనవాడే. అయినా అతను మొదట నేర్చుకున్న పాఠం ఏంటి? "తెలుగు పెడితే పాడవుతుంది." ఇలాంటి పాఠం నేర్చుకున్నవాళ్ళు బళ్ళకీ, ఆస్పత్రులకీ, ఆఫీసులకీ సాఫ్ట్‌వేర్ రాస్తారు. అక్కడ తెలుగుకి చోటుండదు. ఎవరూ వద్దని ఆర్డరు వేయక్కర్లేదు, దానంతటదే పోతుంది. నాకు భయం వేసేది దీనికే.

ఇహ మామూలుగా వచ్చే వాదనలు.

"ఎటాచ్‌మెంటు ఎందుకు, లింకు పంపొచ్చుగా?" పంపండి, మంచిదే. కానీ ఆ లింకు నొక్కి దించుకున్నప్పుడు ఫైలు పేరు ఎక్కడ్నుంచి వస్తుంది? వెబ్ సర్వరు పంపే కంటెంట్-డిస్పొజిషన్ హెడరు నుంచే! అక్కడా అదే నక్షత్రం, అవే శాతం గుర్తులు. 2011లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 6266 చెప్పేది అదే. పారిపోయినా అదే ఇంటికి వస్తాం.

"జిప్ చేసేస్తే?" జిప్ లోపల పేర్లకి యూటీఎఫ్-8 అని చెప్పే గుర్తు 2006లో గానీ ప్రమాణంలోకి రాలేదు. ఆ గుర్తు పెట్టని పాత ప్రోగ్రాముతో జిప్ చేస్తే తెలుగు పేరు అక్కడా చెడుతుంది. పైగా ఫోన్లో జిప్ విప్పమంటే పెద్దవాళ్ళు తిడతారు :)

"తెలుగుకి మెయిల్ సర్వర్లు సిద్ధంగా లేవు కదా?" ఇది వేరే విషయంతో కలిసిపోయిన అపోహ. మెయిల్ అడ్రసే తెలుగులో ఉండాలంటే దారిలో ఉన్న సర్వర్లన్నీ ఒప్పుకోవాలి. దానికి 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6531 వచ్చింది, అది ఇంకా అందరి దగ్గరా లేదు. ఫైలు పేరుకి అదేం అక్కర్లేదు. శాతం గుర్తులుగా మారిపోయాక అదంతా ఆస్కీయే. దారిలో ఉన్న సర్వరుకి తెలుగు వెళ్తోందని కూడా తెలియదు.

"మా కంపెనీలో అంతా ఇంగ్లీషే." అయితే ఇంగ్లీషులోనే పెట్టుకోండి, నాకేం పేచీ లేదు. తెలుగు రాని మేనేజరుకి తెలుగు పేరుతో ఫైలు పంపమని నేననడం లేదు. తెలుగు పేరు వచ్చినప్పుడు మీ కోడు పడిపోకూడదు అంటున్నాను. రెండిటికీ చాలా తేడా ఉంది. ఇవాళ మీరు ఆఫీసు కోసం రాసిన ఇరవై లైన్లే రేపు ఇంకెవరో పంచాయతీ కోసం కాపీ కొడతారు.

కాబట్టి స్క్రిప్టు పని పూర్తయిందనే ముందు ఈ ఐదు పేర్లతో పంపి చూడండి.

1. జీతం. చిన్న పేరు. ఇదే పోతే ఆ ఒక్క లైను చూసుకోండి.

2. ఆంధ్రప్రదేశ్. పొడుగు పేరు. ముక్కలు చేసి అతకడం వచ్చో రాదో తెలుస్తుంది.

3. హైదరాబాద్. ఇందులో ఐత్వం ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే అక్షరంగానూ రాయొచ్చు, ఎత్వం పక్కన ఇంకో గుర్తు పెట్టి రెండుగానూ రాయొచ్చు. పాత మ్యాక్ ఫైల్ వ్యవస్థ రెండుగా విడగొట్టి దాచేది. కంటికి ఒకటే, కంప్యూటరుకి వేరు. పేర్లు పోల్చి చూసే కోడుంటే ముందు అన్నిటినీ ఒకే రూపంలోకి తెచ్చుకోవాలి.

4. ఆఫీస్‌లు. స్ పొల్లు తర్వాత లు ఒత్తుగా మారకుండా ఆపడానికి మనం కొట్టే కనబడని అక్షరం ఒకటుంది. అది పేరులో భాగమే. అది లేకుండా వెతికితే ఫైలు దొరక్కపోవచ్చు.

5. మార్చి లెక్కలు 2024. ఖాళీలూ అంకెలూ తెలుగూ కలిసిన పేరు. నిజంగా జనం పెట్టే పేర్లు ఇలాగే ఉంటాయి.

చేత్తో నడిపి చూసి ఊరుకోకండి, క్రాన్‌లో కూడా పెట్టి చూడండి. మీ టెర్మినల్లో ఉండే భాష సెట్టింగులు క్రాన్‌కి ఉండవు. పైథాన్ 3.7 కన్నా పాతదైతే అక్కడ ఆస్కీ అనుకుని, తెలుగు పేరు తగలగానే చతికిలబడే ప్రమాదం ఉంది. 2018లో వచ్చిన 3.7 ఇలాంటి చోట యూటీఎఫ్-8కి మారడం నేర్చుకుంది.

మెయిల్ సర్వరు 250 అని జవాబిచ్చిందంటే ఉత్తరం పుచ్చుకుందని మాత్రమే అర్థం, అవతలివాళ్ళు ఫైలు తెరవగలిగారని కాదు. అందుకని ఒకటి మీకే పంపుకుని, మెయిలు అసలు రూపం తెరిచి చూడండి. ఫైల్‌నేమ్ పక్కన నక్షత్రం ఉండి, తర్వాత శాతం-ఈ0-శాతం-బీ0 అనో బీ1 అనో కనబడుతుంటే అది మన తెలుగే. బేస్64లో అయితే 4ఎల్‌సీ, 4ఎల్‌జీ అని మళ్ళీ మళ్ళీ కనబడుతుంది, మధ్యలో ఖాళీ వచ్చి వరస జరిగేదాకా. ఒక తెలుగు అక్షరం మూడు బైట్లు, మూడు బైట్లు నాలుగు బేస్64 అక్షరాలు. లెక్క సరిగ్గా కుదురుతుంది. అలవాటైతే మూల రూపం చూడగానే "ఇందులో తెలుగుంది" అని చెప్పేయొచ్చు.

ఇదంతా కలిపి ఓ గంట పని. ఆ గంట పెట్టడానికి భాషాభిమానం కూడా అక్కర్లేదు. ఆస్కీ పేర్లతో మాత్రమే పనిచేసే ప్రోగ్రాము సగం చేసిన ప్రోగ్రామే అనుకునే మామూలు వృత్తి నియమం చాలు. ఈసారి టెస్టు చేసేటప్పుడు "టెస్ట్1" అని కాకుండా మీ ఊరి పేరు తెలుగులో పెట్టి పంపండి. చేరకపోతే ఊరి పేరు మార్చకండి, కోడు మార్చండి.